పాత చెక్క సామాను: మురికి పోవాలి, పాలిష్ మిగలాలి

పాత కుర్చీనో బల్లనో అటక మీంచి దించగానే మనకి చేతులు ఊరుకోవు, వెంటనే ఒక తడిగుడ్డ తెచ్చి బరబరా తుడిచేయాలనిపిస్తుంది. కాస్త ఆగండి. నేను అలా ఆగకుండానే ఒక పాత రాత బల్లని పాడుచేసుకున్నా. పైన ఏదో జిడ్డు మరక ఉందని చేతికి దొరికిన శానిటైజర్ వైప్ తీసుకుని రుద్దా, గుడ్డకి గోధుమరంగు అంటుతుంటే అబ్బో ఎంత మురికి పట్టిందో అని ఇంకా హుషారుగా రుద్దా, తీరా ఆరాక చూస్తే అరచెయ్యంత మేర మెరుపు మొత్తం పోయి పాలిపోయిన మచ్చ, చుట్టూ మిగతా బల్ల మాత్రం నిగనిగలాడుతోంది. నేను మురికి అనుకుని తీసింది పాలిష్ అన్నమాట. ఆ బల్ల మీద ఉన్నది లక్క పాలిష్, వైప్‌లో ఉన్నది ఆల్కహాల్, లక్కని కరిగించడానికి వాడేదే ఆల్కహాల్, ఇంకేముంది.

అసలు సంగతంతా ఇక్కడే ఉంది. పాత సామానులో అడుగున కలప, దాని మీద పాలిష్, ఆ పైన ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము, జిడ్డు, చెమట, పొగ, ఎప్పుడో ఎవరో పూసిన మైనం ఉంటాయి. మనకి పని ఆ పై పొరతోనే. మధ్యలో ఉన్న పాలిష్ చాలాసార్లు కాగితం మందం కూడా ఉండదు, అది పోతే మళ్లీ వేయించుకోవాల్సిందే, తుడిచి తెచ్చుకునేది కాదు. ఇంకోటి, ఏళ్లకేళ్లు వెలుతురు తగిలి ముదిరిన రంగు, చేతులు ఆనిన చోట వచ్చిన నునుపు, అక్కడక్కడా సన్నటి గీతలు, ఇవేవీ మురికి కాదు. వీటిని కూడా తోమి పారేసి కొత్తదానిలా చేద్దామనుకుంటే అసలు పాతది కొనుక్కోవడం ఎందుకు, దాచుకోవడం ఎందుకు?

అందుకని గుడ్డ పట్టేముందు ఆ పాలిష్ ఏంటో చూసుకోండి. సామాను వయసు తెలిస్తే సగం అంచనా అక్కడే వస్తుంది. లక్కని స్పిరిట్‌లో కరిగించి గుడ్డ ఉండతో పూత మీద పూత రుద్దే ఫ్రెంచ్ పాలిష్ 19వ శతాబ్దంలో బాగా వాడుకలోకి వచ్చింది, చేత్తో పాలిష్ పెట్టేవాళ్లు ఇప్పటికీ వాడతారు. నైట్రోసెల్యులోజ్ లాకర్ 1920ల నుంచి ఫర్నిచర్ మీదకి వచ్చింది, త్వరగా ఆరుతుంది, స్ప్రే గన్‌తో కొట్టేయొచ్చు, అందుకే ఫ్యాక్టరీల్లో తయారైన సామాను చాలావరకు దానికి మారిపోయింది. పీయూ అని మనం పిలిచే పాలీయురేథేన్ 20వ శతాబ్దం రెండో సగంలో వచ్చింది. వీటికి ముందూ తర్వాతా కూడా ఆయిల్ వార్నిష్ ఉంది, ఒట్టి అవిసె నూనె లేదా టంగ్ నూనె (టంగ్ అనే చెట్టు గింజల నూనె) పట్టించినవీ, ఒట్టి మైనం రుద్దినవీ ఉన్నాయి. కానీ మధ్యలో ఎవరైనా మళ్లీ పాలిష్ పెట్టించి ఉంటే ఈ వయసు లెక్క పనికిరాదు, టెస్ట్ చేసి చూడాల్సిందే.

టెస్ట్ పెద్ద బ్రహ్మవిద్య ఏం కాదు. కంటికి కనపడని చోటు ఒకటి చూసుకోండి, వెనక కాలు లోపలి వైపో, బల్ల అంచు కింది భాగమో. ఒకటి మాత్రం గమనించండి, బల్ల అడుగున చాలామంది అసలు పాలిష్ వెయ్యరు, అక్కడ టెస్ట్ చేసి ఏం కాలేదులే అనుకుంటే పైన దెబ్బతింటారు, కాబట్టి పాలిష్ ఉన్న చోటే చెయ్యాలి. ముందు ఆ చోట కొంచెం మినరల్ టర్పెంటైన్‌తో తుడిచి ఆరనివ్వండి, పైన మైనం ఉంటే అది అడ్డొచ్చి టెస్ట్ తప్పు చూపిస్తుంది. గుడ్డకి పసుపుపచ్చగా జిడ్డులా వస్తే మైనం ఉన్నట్టే. తర్వాత ఒక చుక్క అవిసె నూనె పెట్టి చూడండి, చుక్క చుక్కలాగే నిలబడితే పైన పొరలా పాలిష్ ఉంది, చెక్క తాగేస్తే అది ఆయిల్ ఫినిష్ లేదా పాలిష్ పోయిన చెక్క. చూశాక ఆ నూనె తుడిచెయ్యండి. ఇంకోచోట ఇయర్ బడ్‌ని స్పిరిట్‌లో ముంచి, పిండేసి, ఓ పది సెకన్లు ఆనించి తీయండి, అంటుకుంటున్నట్టు బంకగా అయి బడ్‌కి తేనె రంగు వస్తే లక్క. స్పిరిట్‌కి ఏం కాకుండా లేదా కొద్దిగా మెత్తబడి, ఎన్‌సీ థిన్నర్‌కి (ఎన్‌సీ అంటే నైట్రోసెల్యులోజ్, ఆ లాకర్‌ని పల్చబరిచేది) మాత్రం పూర్తిగా కరిగిపోతే లాకర్. రెండిటికీ కరగకపోతే వార్నిష్ లేదా పీయూ. క్లీనింగ్ వరకే అయితే థిన్నర్ టెస్ట్ చెయ్యకపోయినా నష్టం లేదని నా అభిప్రాయం, ఎందుకంటే పాలిష్ ఏదైనా మనం థిన్నర్‌తో క్లీన్ చేసేది ఎలాగూ లేదు. లక్కా కాదా, పైన పొర ఉందా లేదా, ఈ రెండూ తెలిస్తే మన పని నడుస్తుంది.

ఇక్కడే సీసాల పేర్ల గొడవ ఒకటి చెప్పాలి, దీంట్లో చాలామంది బోల్తా పడతారు. స్పిరిట్ అంటే ఆల్కహాల్, పాలిష్ వాళ్లు లక్క కరిగించేది, శానిటైజర్‌లో ఉండేదీ దాదాపు ఆ జాతే. వైట్ స్పిరిట్ అని రాసి ఉండేది మాత్రం ఆల్కహాల్ కానే కాదు, అది పెట్రోలియం నుంచి తీసింది, మినరల్ టర్పెంటైన్ జాతి. పెయింట్ వాళ్ల భాషలో థిన్నర్ అంటే ఏదైనా కావొచ్చు, ఎన్‌సీ థిన్నర్ అయితే లక్కా లాకరూ రెండూ లేచిపోతాయి. మూడూ నీళ్లలాగే తెల్లగా ఉంటాయి, సీసాలు కూడా ఒకేలా ఉంటాయి. నేనైతే ఇప్పుడు సీసా మీద మార్కర్‌తో పెద్దక్షరాల్లో రాసి పెట్టుకుంటున్నా. ఈ సీసాల్లో మనం క్లీనింగ్‌కి వాడేది మినరల్ టర్పెంటైన్ ఒక్కటే, వాసన తక్కువ ఉండే రకం దొరికితే ఇంకా మంచిది.

పని మొదలెట్టే ముందు సామాను చుట్టూ ఒకసారి టార్చ్ వేసి చూడండి, లైట్ పైనుంచి కాదు, పక్కనుంచి ఏటవాలుగా పడేట్టు. పాలిష్ ఎక్కడ పెచ్చులూడుతోందో, వినీర్ ఎక్కడ లేచిందో అప్పుడు బాగా కనిపిస్తుంది. వినీర్ అంటే తెలుసుగా, మామూలు చెక్క మీద ఖరీదైన కలపని పల్చటి రేకులా అంటించడం. పాత సామానులో ఆ అంటింపు చాలావరకు సరేసుతో ఉంటుంది, జంతువుల తోలు, ఎముకలు ఉడికించి తీసిన జిగురు అది, నీళ్లూ వేడీ తగిలితే మెత్తబడిపోతుంది. లేచిన వినీర్ మీద తడిగుడ్డ పెట్టారా, చుట్టుపక్కల ఉన్నది కూడా లేస్తుంది, గుడ్డ పోగు అంచుకి తగులుకుంటే ముక్క విరిగి చేతికొస్తుంది. అలాంటి చోట్లు వదిలేయండి, ముందు అంటించే పని కానివ్వండి. సన్నటి గుండ్రటి చిల్లులు, ఒకటి రెండు మిల్లీమీటర్లవి, వాటి కింద మెత్తటి పొడి రాలి ఉంటే పురుగు పట్టి చెక్క పుచ్చుతున్నట్టు. చిల్లులు పాతవీ కావొచ్చు, కాబట్టి ఆ పొడి తుడిచేసి కింద నల్ల కాగితం వేసి కొన్ని వారాలు చూడండి, మళ్లీ రాలితే పురుగు ఇంకా లోపలే ఉంది, ముందు దాని సంగతి చూడాలి, మిగతా ఇంటి చెక్కకి దూరంగా పెట్టాలి. ఇంకో జాగ్రత్త, రంగు వేసిన పాత సామాను అయితే ఆ రంగులో సీసం ఉండే అవకాశం ఎక్కువ, గరుకు కాగితంతో రుద్దడం, పొడి లేపడం వద్దు, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

ముందు దుమ్ము. ఇది చిన్నపనిలా అనిపిస్తుంది గానీ ఎక్కువ గీతలు పడేది ఇక్కడే. దుమ్ములో సన్నటి ఇసుక రేణువులుంటాయి, అవి పాలిష్ కంటే గట్టివి, ఎండు గుడ్డతో నొక్కి రుద్దితే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. అందుకే మొదట మెత్తటి బ్రష్‌తో దులపండి, పెయింట్ వేసే వెడల్పు బ్రష్ కొత్తది ఒకటి దీనికోసమే పెట్టుకోండి, దాని చుట్టూ ఉండే లోహపు పట్టీకి టేపు చుట్టండి, లేకపోతే ఆ లోహమే చెక్కకి కొట్టుకుని గుంట పడుతుంది. వ్యాక్యూమ్ క్లీనర్ ఉంటే బ్రష్‌తో దులుపుతూ పక్కనే దాని మూతి పట్టుకోండి, సామానుకి ఆనించకుండా. ఈకల డస్టర్ వద్దు, ఈక విరిగితే దాని పుల్ల గీస్తుంది, పెచ్చులేచిన చోట తగులుకుంటుంది కూడా. దులపడం అయ్యాక అరిగిపోయిన బనియన్ గుడ్డతోనో మైక్రోఫైబర్‌తోనో తేలిగ్గా తుడవండి. గుండీలు, జిప్పులు, కుట్లు ఉన్న పాత షర్టులు వాడకండి. చాలా సామాన్లకి ఇక్కడితోనే సగం కళ వచ్చేస్తుంది, కొన్నిటికి ఇది చాలు కూడా, ఇక్కడే ఆపేయొచ్చు.

జిడ్డు ఇంకా ఉంటే టర్పెంటైన్. నీళ్లకంటే ముందు దీన్ని ఎందుకంటే, ఆరి గట్టిపడిన లక్క, లాకర్, వార్నిష్, పీయూ ఏవీ దీనికి కరగవు, చెక్క ఉబ్బదు, సరేసు మెత్తబడదు. ఇది తీసేది పాత మైనం, నూనె జిడ్డు, పొగ మరక, స్టిక్కర్ బంక. ఒట్టి మైనం ఫినిష్ అయితే ఆ మైనం కూడా పోతుంది, అది తెలిసే చెయ్యండి, తర్వాత మళ్లీ పూసుకోవాలి. కిటికీలు తెరిచి, దగ్గర్లో పొయ్యి, దీపం, సిగరెట్ లేకుండా, చేతికి నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని, గుడ్డ తడిసీ తడవనట్టు ముంచి, అరచెయ్యంత చోటు తీసుకుని కలప చారలు పోయే దిశలోనే మెల్లిగా తుడవండి. గుడ్డ నల్లబడగానే మడత మార్చండి, మురికి గుడ్డతో తుడిస్తే ఇక్కడి మురికి తీసి అక్కడ పూసినట్టే. వెంటనే ఎండు గుడ్డతో తుడిచేసి పక్క చోటుకి వెళ్లండి.

తుడిచేటప్పుడు చూడాల్సింది బల్లని కాదు, గుడ్డని. నేను ఆ రోజు చూసి కూడా అర్థం చేసుకోలేకపోయింది ఇదే. మురికి అయితే బూడిద రంగులోనో మట్టి రంగులోనో మబ్బుగా వస్తుంది, రెండు మూడు మడతలు మార్చేసరికి తగ్గిపోతుంది. పాలిష్ లేస్తుంటే తేనెలా, గోధుమ రంగులో పారదర్శకంగా వస్తుంది, ఎన్ని మడతలు మార్చినా వస్తూనే ఉంటుంది, గుడ్డ జారకుండా పట్టుకుంటున్నట్టు అనిపిస్తుంది. ఆ పట్టు తగిలిన క్షణం చెయ్యి తీసేయండి, తుడిచి సరిచేద్దామని కూడా ముట్టుకోవద్దు, మెత్తబడ్డ పాలిష్ దానంతటదే గట్టిపడేదాకా ఒక రోజు వదిలేయండి, అప్పుడు నష్టం చాలా తక్కువలో ఆగుతుంది.

టర్పెంటైన్‌కి చెమట మరకలు, తినుబండారాల మరకలు, పిల్లల చేతుల తీపి జిగటలు పోవు, అవి నీళ్లకే లొంగుతాయి. అప్పుడు ఒక లీటరు గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్, ఘాటు లేనిది, అర టీస్పూన్ కలపండి, అంతకంటే ఎక్కువ వద్దు. బట్టల పౌడర్ వద్దే వద్దు, దాంట్లో క్షారం ఎక్కువ, లక్కకి క్షారం పడదు. అద్దాలు తుడిచే స్ప్రేల్లో అమ్మోనియా ఉంటే అదీ అంతే. మూడు గుడ్డలు పెట్టుకోండి, ఒకటి సబ్బునీళ్లది, ఒకటి ఒట్టి నీళ్లది, ఒకటి ఎండుది. తడి గుడ్డని ఎంత పిండాలంటే, మళ్లీ పిండితే ఒక్క చుక్క కూడా రాకూడదు, చెంపకి ఆనిస్తే చల్లగా తగలాలి అంతే. అరచెయ్యంత చోట సబ్బు గుడ్డ, వెంటనే ఒట్టి నీళ్ల గుడ్డ, వెంటనే ఎండు గుడ్డ, మొత్తం అర నిమిషంలో అయిపోవాలి. బల్ల అంతా ఒకేసారి తడిపేసి తర్వాత తుడుద్దాం అనుకోకండి. పాలిష్ పగుళ్లు బారి ఉంటే, వినీర్ అంచులుంటే, పాలిష్ లేని ఒట్టి చెక్క ఉంటే నీళ్లు అసలొద్దు, అక్కడ ఎండు బ్రష్‌తోనూ టర్పెంటైన్‌తోనూ సరిపెట్టుకోండి.

నగిషీ ఉన్న చోట గుడ్డ ఎక్కదు. మెత్తటి టూత్‌బ్రష్, లేదా వెదురు పుల్లకి దూది చుట్టుకుని దాన్ని తిప్పుతూ, రుద్దుతూ కాదు, దొర్లిస్తూ తియ్యాలి, దొర్లిస్తే మురికి దూదిలోకి పోతుంది, రుద్దితే ఇంకా మూలలోకి దూరుతుంది. దూది చుట్టని పుల్ల మొనతో గోకితే మురికితో పాటు పాలిష్ కూడా లేస్తుంది, మూలల్లో పాలిష్ మందంగా పేరుకుని చూడటానికి మురికిలాగే ఉంటుంది కాబట్టి. నగిషీ లోతుల్లో కొంచెం ముదురు రంగు మిగిలితే మిగలనివ్వండి, పూర్తిగా తీసేస్తే ఆ చెక్కడం చదునుగా, జీవం లేనట్టు కనిపిస్తుంది.

చిన్న చిన్న మొండి మచ్చలకి ఇంకో మందు ఉంది, మన నోట్లోనే. నవ్వకండి, ఉమ్మితో దూది తడిపి క్లీన్ చెయ్యడం మ్యూజియాల్లో పాత వస్తువులు బాగుచేసేవాళ్లు చాలాకాలంగా చేస్తున్న పనే. ముగ్గురు పోర్చుగల్ పరిశోధకులు దీన్ని పరీక్షించి 1990లో పేపర్ కూడా రాశారు, ఉమ్మిలో ఉండే అమైలేస్ అనే ఎంజైమ్ వల్ల అది పనిచేస్తోందని తేల్చారు, దానికి 2018లో వాళ్లకి కెమిస్ట్రీలో ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే సరదా బహుమతి) వచ్చింది. ఈగ రెట్టలు, ఏదో ఒలికి ఎండిన చుక్కలు ఇలాంటివాటికి ఇయర్ బడ్‌తో చేసి చూడండి, తర్వాత ఒట్టి నీళ్ల బడ్‌తో తుడిచి ఆరబెట్టండి. బల్లంతా చెయ్యడానికి మాత్రం ఉమ్మి చాలదు లెండి.

ఇత్తడి పిడులు, గొళ్లాలు ఉంటే వీలైతే విప్పి విడిగా తోమండి, ఏది ఏ సొరుగుదో రాసి పెట్టుకోండి, పాతకాలం మరలు ఒక్కోటి ఒక్కో సైజులో ఉంటాయి, కలిసిపోతే మళ్లీ బిగించడం నరకం. విప్పడానికి రాకపోతే బలవంతం వద్దు, చుట్టూ చెక్క మీద పల్చటి ప్లాస్టిక్ షీటు కత్తిరించి అడ్డం పెట్టి అప్పుడు తోమండి. లోహం పాలిష్ చెక్క మీద పడితే అక్కడి మెరుపు పోతుంది, ఎండాక సందుల్లో తెల్లగా మిగిలిపోతుంది, ఆ తెలుపు ఓ పట్టాన పోదు.

కుర్చీ చేతుల దగ్గర బంకగా, గోరుతో గీస్తే నల్లగా ఊడి వచ్చేట్టు ఉంటుంది చూశారా, అది మాత్రం ఒట్టి మురికి కాదు. ఏళ్ల తరబడి చేతి చెమటా నూనే పాలిష్‌లోకి ఇంకి పాలిష్ మెత్తబడిపోయింది. టర్పెంటైన్‌తో, తర్వాత సబ్బు గుడ్డతో పైజిడ్డు తీసి ఓ వారం ఎండనివ్వండి (ఎండలో కాదు, గాలి ఆడే చోట), గట్టిపడితే అదృష్టం. ఇంకా బంకగానే ఉంటే ఆ మేరకు పాలిష్ చచ్చిపోయినట్టే, దాన్ని క్లీనింగ్‌తో బాగుచెయ్యలేం, ఎంత తుడిస్తే అంత పోతుంది, పాలిష్ తెలిసినవాళ్లకి అప్పగించండి.

గ్లాసు పెట్టిన గుండ్రటి మచ్చల సంగతి. తెల్ల మచ్చ, నల్ల మచ్చ రెండూ వేరు. తెల్లగా ఉంటే తేమ పాలిష్‌లోనే చిక్కుకుంది, చెక్క దాకా పోలేదు, ఇది బాగయ్యే జబ్బు. ముందు ఏం చెయ్యకుండా నాలుగు రోజులు వదిలేయండి, కొన్ని వాటంతటవే పోతాయి. పోకపోతే హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో పెట్టి ఒక జానెడు దూరం నుంచి కదుపుతూ ఉండండి, మధ్యమధ్యలో చెయ్యి పెట్టి చూడండి, మీ చెయ్యి ఓర్చుకోలేనంత వేడి పాలిష్‌కీ ఎక్కువే. అప్పటికీ ఉంటే పెట్రోలియం జెల్లీ రాసి రాత్రంతా ఉంచి పొద్దున తుడవండి. మచ్చ మీద గుడ్డ వేసి ఇస్త్రీ పెట్టెతో నొక్కమని చాలామంది చెప్తారు, నాకు ధైర్యం చాల్లేదు, లక్క మీద అయితే గుడ్డ నేత అచ్చు పడిపోతుంది. నల్లగా ఉంటే నీళ్లు పాలిష్ దాటి చెక్కలోకి దిగాయి, కలపలో ఉండే టానిన్ ఇనుముతో కలిసి సిరాలా మారిందన్నమాట (పాతకాలం సిరా కూడా అలాగే చేసేవాళ్లు). అది పోవాలంటే పాలిష్ తీసేసి ఆక్సాలిక్ యాసిడ్ పెట్టాలి, ఆ యాసిడ్ విషం, ఆ పని క్లీనింగ్ కిందికి రాదు. నేనైతే నల్ల మచ్చ మీద ఏదో ఒక వస్తువు పెట్టేసి ఊరుకుంటా.

సొరుగులు లాగగానే ముక్క వాసన వస్తే వాటిని బయటికి తీసి నీడలో, గాలి తగిలేలా రెండు మూడు రోజులు పెట్టండి. బూజు కనిపిస్తే ఎన్-95 మాస్క్ వేసుకుని ఆరుబయట బ్రష్‌తో దులపండి, ఇంట్లో దులిపితే ఆ బూజు గింజలు ఇల్లంతా పరుచుకుంటాయి. బ్లీచింగ్ వద్దు, చెక్క రంగు మచ్చలుగా పోతుంది. లోపల పాలిష్ ఉండదు కాబట్టి తడి పెడితే తాగేస్తుంది, ఆ తడికి బూజు మళ్లీ వస్తుంది. ఆరాక సొరుగులో ఒక చిన్న గిన్నెలో వంటసోడానో బొగ్గు ముక్కలో పెట్టి మూస్తే మిగిలిన వాసన లాగేస్తాయి. గదిలో తేమ 65 శాతం దాటకుండా ఉంటే బూజు తిరిగి రాదు, గోడకి ఆనించకుండా నాలుగు వేళ్లు ఎడంగా పెడితే వెనక కూడా గాలి ఆడుతుంది.

ఇప్పుడు అందరూ చెప్పే నూనెల గురించి. చెక్క ఎండిపోయింది, నూనె పట్టించి తినిపించాలి అంటుంటారు. పాలిష్ పొర ఉన్న చెక్కకి నూనె లోపలికి పోయే దారే లేదు, పైనే ఉండి కాసేపు మెరుస్తుంది, ఆ తర్వాత దుమ్ముని పట్టి ఉంచుతుంది, వంటనూనె అయితే కొన్నాళ్లకి ముక్కిపోయి వాసన కూడా వస్తుంది. నిమ్మరసం, వెనిగర్ కలిపితే ఆమ్లం అదనం. ఒకప్పుడు మ్యూజియాల్లోనే అవిసె నూనె, టర్పెంటైన్, వెనిగర్ కలిపి పూసేవాళ్లు, ఆ నూనె ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి నల్లటి పొరగా మారింది, అసలు పాలిష్‌ని పాడుచెయ్యకుండా దాన్ని తియ్యడం ఇప్పుడు వాళ్లకి పెద్ద తలనొప్పి. ఆయిల్ ఫినిష్ ఉన్న సామానుకి మాత్రం అదే రకం ఫినిషింగ్ నూనె పల్చగా పట్టించి, పదిహేను నిమిషాల్లో మిగులు మొత్తం తుడిచెయ్యొచ్చు. ఆ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలకి పడేయకండి, అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండగా ఉన్న గుడ్డలో ఆ వేడి బయటికి పోలేక దానంతటదే అంటుకుంటుంది, ఇది కట్టుకథ కాదు, ఇళ్లు కాలిన సందర్భాలున్నాయి. విప్పి ఒక్కోటీ ఆరుబయట ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి మూత ఉన్న లోహపు డబ్బాలో పెట్టండి.

తుడవగానే తళతళలాడించే స్ప్రేలు కూడా కొనేముందు చూసుకోండి, సిలికోన్ ఉన్నవైతే ఆ నూనె పగుళ్లలోంచి లోపలికి పోయి కూర్చుంటుంది, రేపెప్పుడైనా మళ్లీ పాలిష్ పెట్టిస్తే పూత నిలవకుండా చేప కళ్లలాగా గుంటలు పడతాయి, పాలిష్ వాళ్లు తిట్టుకునేది వీటినే. టూత్‌పేస్టు, తెల్ల మ్యాజిక్ స్పాంజి, గిన్నెల ఆకుపచ్చ పీచు, ఇవన్నీ గరుకువి, మచ్చ పోదు, మెరుపు పోతుంది.

అంతా అయ్యి ఒక రోజు ఆరాక మైనం. ఇది క్లీనింగ్ కాదు గానీ, మళ్లీసారి దుమ్ము ఊరికే తుడిస్తే పోయేలా చేసేది ఇదే. తేనెమైనం ఒక్కటే అయితే 62 నుంచి 64 డిగ్రీలకే కరుగుతుంది, మెత్తన, వేలిముద్రలు పడతాయి. కార్నౌబా మైనం 82 నుంచి 86 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది, బాగా గట్టిది, రెండూ కలిపిన పేస్ట్ అయితే రుద్దడానికి సులువు. బ్రిటిష్ మ్యూజియం ల్యాబ్‌లో 1950ల్లో తయారుచేసిన రెనైసాన్స్ వాక్స్ అనే మైక్రోక్రిస్టలైన్ మైనం (పెట్రోలియం నుంచి తీసే రకం) కూడా ఉంది, ఖరీదెక్కువ గానీ కొంచెమే పడుతుంది. ఏ మైనం డబ్బా మీదైనా టాలుయీన్ అనే ఘాటు ద్రావకం పేరు ఉంటే లక్క, లాకర్ మీద వాడొద్దు. ముదురు రంగు చెక్కకి తెల్ల మైనం వేస్తే కలప రంధ్రాల్లో తెల్ల చుక్కల్లా ఎండుతుంది, గోధుమ రంగు మైనం తీసుకోండి.

పూయడంలో కిటుకు ఒక్కటే, తక్కువ. గోలీ అంత మైనం బనియన్ గుడ్డలో మూటకట్టి రుద్దితే గుడ్డ నేతలోంచి సన్నగా వస్తుంది, అది చిన్న బల్ల పైభాగం మొత్తానికీ సరిపోతుంది. పది పదిహేను నిమిషాలకి మబ్బుగా అవుతుంది, అప్పుడు శుభ్రమైన గుడ్డతో మెరిసేదాకా రుద్దండి. వేలితో గీస్తే గీత పడుతోందంటే మైనం ఎక్కువైంది, ఇంకా రుద్దాలి. రోజూ వాడే బల్లకి ఏడాదికోసారి, మిగతావాటికి రెండు మూడేళ్లకోసారి చాలు. పెచ్చులూడే పాలిష్ మీద మైనం వద్దు, ఆ పెచ్చుల కిందికి దూరితే తర్వాత ఎవరూ అంటించలేరు.

నా రాత బల్ల మీద ఆ మచ్చకి పాలిష్ ఆయన పల్చటి లక్క నాలుగైదు పూతలు వేసి చాలావరకు కలిపేశాడు, ఏటవాలు వెలుతురులో మాత్రం ఇప్పటికీ దొరికిపోతుంది. పైన గాజు పలక వేయిద్దామనుకుంటే ఆయనే ఒక మాట చెప్పాడు, గాజు కింద రబ్బరు బొత్తాలు పెట్టొద్దని, రబ్బరూ మెత్తటి ప్లాస్టిక్కూ నెలల తరబడి ఆని ఉంటే వాటిలోంచి వచ్చే నూనెలాంటి పదార్థం పాలిష్‌ని మెత్తబరిచి అక్కడే అంటుకుపోతుందట. ఫెల్ట్ ముక్కలు పెట్టించా. దీపం అడుగున, కీబోర్డ్ కింద ఉండే రబ్బరు కాళ్లకి కూడా అవే అంటించా.